మాకు ముందుగా ఎవరు చెప్పాలి?

మాది చిన్న జెరాక్స్ షాపు. శ్రీకాకుళంలో, నాగావళి ఒడ్డు పేటల్లో ఒకచోట, వార్డు సచివాలయానికి నాలుగిళ్ల అవతల. పొద్దుట మా ఆయన కూర్చుంటారు, వంటపని అయ్యాక మధ్యాహ్నం నుంచి నేను కూర్చుంటాను. 2024 నవంబరు ఆఖరున ఒక సాయంత్రం ఒకాయన ఫోన్ నా చేతికిచ్చి, "మా పాప హాల్‌టికెట్ అమ్మా, రెండు కాపీలు తీయండి" అన్నారు. తీశాను. పైన నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ (ఎన్‌ఎంఎంఎస్) అని ఉంది, కింద ఎనిమిదో తరగతి అని ఉంది. మా పెద్దాడిది కూడా ఆ ఏడు ఎనిమిదే. ఏం పరీక్షండీ ఇది అని అడిగితే ఆయన సంబరంగా చెప్పారు. సర్కారు బడిలో ఎనిమిది చదివే పిల్లలు రాయొచ్చట, నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా నాలుగేళ్లు ఏడాదికి 12 వేలు పిల్లల ఖాతాలోనే పడతాయట, వాళ్ల హెడ్‌మాస్టరు ఇంటికి ఫోన్ చేసి మరీ అప్లికేషన్ పెట్టించారట. ఆయన డబ్బులిచ్చి వెళ్లిపోయారు. నేను మిషను ముందు అలాగే నిలబడిపోయాను.

మర్నాడు మా వాడి బడికి వెళ్లాను. గడువు ఎప్పుడో అయిపోయింది. "నోటీసు బోర్డులో పెట్టాం కదమ్మా" అన్నారు. వెళ్లి చూశాను. ఆఫీసు వరండాలో, తల్లిదండ్రులెవరూ అడుగుపెట్టని చోట, అద్దం వెనక, ఇంగ్లీషులో రెండు పేజీల కాగితం, దాని మీద సగం కప్పేస్తూ ఇంకో రెండు కాగితాలు. ఇంటికొచ్చి వాణ్ణి అడిగితే వాడు చెప్పింది వినండి: "సారు క్లాసులో ఎన్‌ఎంఎంఎస్ రాసేవాళ్లు చెయ్యెత్తండి అన్నారమ్మా. అదేంటో నాకు తెలీదు. ఫీజేమైనా కట్టాలేమోనని ఎత్తలేదు."

ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో కలుక్కుమంటూనే ఉంటుంది. పరీక్ష రాస్తే తప్పకుండా వచ్చేదని నేను అనను. కానీ నాలుగేళ్లకి 48 వేలు వచ్చే వీలున్న పరీక్ష మా ఇంటి గుమ్మం ముందు నుంచే వెళ్లిపోయింది. పక్కవాళ్ల పిల్లలకి నా చేత్తో హాల్‌టికెట్లు తీసిచ్చాను గానీ నా పిల్లాడికి అలాంటిదొకటి ఉందని తెలుసుకోలేకపోయాను. రోజంతా ఫారాలూ ఆన్‌లైన్ దరఖాస్తులూ చూసే నాకే ఇలా అయితే, పొద్దున్నే కూలికెళ్లి చీకటిపడ్డాక ఇంటికొచ్చే తల్లి సంగతేంటి? అప్పటి నుంచి ఈ విషయం మీద నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడిపోయింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఒక్కసారి లెక్కపెట్టి చూడండి, బడికెళ్లే పిల్లల కోసం మన రాష్ట్రంలో ఇవాళ ఎన్ని ఉన్నాయో. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం ఉంది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా, ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ తలా 15 వేలు, అందులో 13 వేలు తల్లి ఖాతాకి, 2 వేలు బడి నిర్వహణకి. బడి తెరిచేనాటికి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్టు, అంటే పుస్తకాలు, బ్యాగు, బూట్లు, బెల్టు, యూనిఫాం గుడ్డ. మధ్యాహ్నం డొక్కా సీతమ్మ పేరు మీద భోజనం. 2025 జనవరి నుంచి సర్కారు జూనియర్ కాలేజీ పిల్లలకి కూడా పెడుతున్నారు, ఆ జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. ప్రైవేటు బడిలో ఒకటో తరగతిలో వేయాలనుకునే పేదింటి పిల్లలకి విద్యాహక్కు చట్టం కింద 25 శాతం సీట్లు. బడి మరీ దూరమైతే రవాణా భత్యం. వైకల్యం ఉన్న పిల్లలకి భవిత కేంద్రాలు. పైన చెప్పిన స్కాలర్‌షిప్పు.

ఇన్నేళ్లు బల్ల వెనక కూర్చుని నేను గమనించింది ఒకటుంది. పిల్లాడి చేతిలో ఇంటికొచ్చేవి అందరికీ అందుతాయి. బ్యాగు వస్తుంది, బూట్లు వస్తాయి, గుడ్డు వస్తుంది, చిక్కీ వస్తుంది. వాటి గురించి ఎవరూ మా షాపుకొచ్చి అడగరు. తల్లి లేచి ఒక ఆఫీసుకెళ్లి, ఒక తేదీలోగా, ఒక కాగితం ఇచ్చి తెచ్చుకోవాల్సినవి మాత్రం సగం మందికి ఉన్నాయనే తెలీదు. రవాణా భత్యం గురించి మా పేటలో నేను అడిగినవాళ్లలో ఒక్కరికీ తెలీదు. 25 శాతం సీట్ల సంగతీ అంతే. దాని దరఖాస్తులు వేసవిలోనో అంతకంటే ముందో అయిపోతాయి. ఒక ఆటో నడిపే తమ్ముడు జూన్‌లో పాప అడ్మిషన్‌కి ఆధార్ జెరాక్స్ తీయించుకోవడానికి వచ్చాడు. మొదటి టర్మ్ ఫీజు అప్పటికే అప్పు చేసి కట్టేశాడు. ఇలాంటిదొకటి ఉంది తెలుసా అంటే, "ఇప్పుడు సెప్తే ఏటి లాభం అప్పా" అని కాగితాలు తీసుకుని వెళ్లిపోయాడు. నిజమే, ఏం లాభం?

అందుకే నేననేది ఏమిటంటే, సాయం ప్రకటించడం ఒక పని అయితే ఆ సంగతి ఇంటింటికీ, టైముకి, అర్థమయ్యే తెలుగులో చెప్పడం కూడా అంతే పెద్ద పని. దాన్ని ఎవరో ఒకరికి డ్యూటీగా అప్పజెప్పాలి. మున్సిపాలిటీ అయినా పంచాయతీ అయినా ఆ బాధ్యత తనదని ఒప్పుకోవాలి. ఇప్పుడది ఎవరి పనీ కాదు. బడి వాళ్లు గ్రూపులో పెట్టాం అంటారు, సచివాలయం వాళ్లు బడిలో చెప్పుంటారు కదా అంటారు, పెద్దాఫీసు వాళ్లు పేపర్లో వేశాం అంటారు. అందరూ చెప్పినట్టే ఉంటుంది, మా వీధిలో మాత్రం ఎవరికీ తెలిసుండదు.

ఆ గ్రూపుల సంగతి కొంచెం చెప్పాలి. మా పిల్లల క్లాసు గ్రూపులో రోజుకి ముప్పై నలభై మెసేజీలొస్తాయి. గుడ్‌మార్నింగ్ పువ్వులు, పండగ శుభాకాంక్షలు, ఎవరో పంపిన వైద్యం చిట్కాలు, వాటి మధ్యలో ఎప్పుడో ఒక పదకొండు పేజీల ఇంగ్లీషు పీడీఎఫ్. దాన్ని తెరిచి చదివే తల్లి ఎంతమంది? అసలు ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? మా పేటలో సగం ఇళ్లలో పెద్ద ఫోన్ మగాడి దగ్గరుంటుంది, ఆ మగాడు హైదరాబాదులోనో చెన్నైలోనో గుజరాత్‌లోని వెరావల్లోనో ఉంటాడు, ఇంట్లో ఆడమనిషి దగ్గర బటన్ ఫోన్. వానలప్పుడు సెలవు కబురు కూడా ఇంతే. రాత్రి పదిన్నరకి గ్రూపులో వేస్తారు, పొద్దున ఏడున్నరకి పిల్లలు తడుచుకుంటూ బడి గేటు దాకా వెళ్లి వెనక్కొస్తారు. మనది తుపాన్ల జిల్లా, ఈ కబురు ఎలా చేరాలో మనం ఎప్పుడో నేర్చుకుని ఉండాల్సింది.

మా పుట్టిల్లు ఉద్దానంలో, పలాస దాటాక. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభాలు కూడా పడిపోయి రోజుల తరబడి చీకటి. ఫోన్లు చచ్చిపోయాయి. అప్పుడు మా ఊళ్లో నీళ్ల ట్యాంకరు ఏ వేళకి ఏ వీధికి వస్తుందో టముకు వేసి చెప్పారు. ఒకాయన డప్పు కొట్టుకుంటూ వీధి మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అరిచేవాడు. మా అమ్మ చదువుకోలేదు, అయినా ఒక్క ట్యాంకరు కూడా తప్పిపోలేదు. ఇప్పుడు మళ్లీ డప్పు తెమ్మని కాదు నా గోల. ఆ కబురు ప్రతి చెవికీ చేరిందా లేదా అన్నది చెప్పేవాడి బాధ్యతగా ఉండేది. ఇప్పుడది వినేవాళ్ల మీదకొచ్చిపడింది.

2011 జనాభా లెక్కల్లో అప్పటి ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 62 శాతం లోపే, ఆడవాళ్లలో సగానికి కాస్త పైన. విజయనగరం ఇంకా తక్కువ, 59 దగ్గర. ఇప్పటికి మెరుగుపడే ఉంటుంది, కాదనను. కానీ అప్పుడు చదువొచ్చినవాళ్ల లెక్కలోకి రాని ఆడవాళ్లే ఇవాళ చాలా ఇళ్లలో పిల్లల్ని బడికి తయారుచేసి పంపుతున్న అమ్మమ్మలూ నానమ్మలూ. తల్లిదండ్రులు వలసపోతే ఇంటి దగ్గర మిగిలేది వాళ్లే.

అలాంటి ఒక మామ్మ సంగతి చెప్తాను. 2025 జూన్‌లో, తల్లికి వందనం డబ్బులు పడుతున్న రోజుల్లో, మధ్యాహ్నం రెండున్నరకి ఎండలో వచ్చింది. చేతిలో ఒక పాలిథిన్ కవరు, దానికి రబ్బరు బ్యాండు. బల్ల మీద ఒక్కొక్కటీ తీసి పెట్టింది. నాలుగు ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, కూతురి బ్యాంకు పుస్తకం, ఇద్దరు పిల్లల కిందటేడు ప్రోగ్రెస్ కార్డులు. ఏది అడుగుతారో తెలీదు కాబట్టి ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెచ్చేసింది. "మా గుంటలకి డబ్బులు పడనేదమ్మా. ఈదిలో అందరికీ పడ్డాయి. మాకేటైనాదో సూడు తల్లీ" అంది. కూతురూ అల్లుడూ చెన్నైలో బిల్డింగు పనిలో ఉన్నారు, ఇద్దరు మనవలు ఈమె దగ్గరే.

సచివాలయంలో ఆమెకి ఒక మాట చెప్పి పంపించారు: కరెంటు ఎక్కువ వాడారు, 300 యూనిట్లు దాటింది, అందుకే అనర్హులు. ఆ మాట విని ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. "రెండు బుడ్లు, ఒక ఫేను. బిల్లు రెండొందలు దాటితే మా అల్లుడు ఫోన్లో కేకలేస్తాడు, మూడొందలేటి?" పక్కనే కూర్చుని మెల్లగా ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, అయిదారేళ్ల కిందట వాళ్లు అద్దెకున్న ఇంటి మీటర్లకి అల్లుడి ఆధార్ నంబరు ఎప్పుడో ఎవరో ఎక్కించేశారు. ఆ మేడలో ఉన్నవాళ్లు వాడే కరెంటంతా కాగితం మీద ఈయన ఇంటి లెక్కలో పడుతోంది. ఇది ఈమె ఒక్కదాని కథే కాదు, మా షాపుకే ఆ నెలలో ఇలాంటివాళ్లు చాలామంది వచ్చారు.

దాన్ని సరిచేయించడానికి ఆమె కరెంటాఫీసుకి ఒకసారి, సచివాలయానికి మూడుసార్లు తిరిగింది. మధ్యలో ఓటీపీ అడ్డం. ఓటీపీ అల్లుడి ఫోన్‌కి వెళ్తుంది, అల్లుడి ఫోన్ పనిచోట బట్టల మూటలో ఉంటుంది, సాయంత్రం ఆయన తీసి చూసేసరికి దాని గడువూ పోతుంది, ఇక్కడ ఆఫీసూ మూసేస్తారు. చివరికి ఆయన అన్నం తినే వేళకి, మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చోమని ముందురోజు రాత్రే చెప్పించాం. సచివాలయంలో ఆ అబ్బాయి కూడా మంచివాడు, తన భోజనం ఆపుకుని ఉన్నాడు. మొత్తానికి పనైంది, తర్వాతి విడతలో ఇద్దరికీ పడ్డాయి. ఆ రోజు ఆమె నాకు ఒక చేటెడు మునక్కాడలు తెచ్చిచ్చింది.

నా ప్రశ్న చాలా చిన్నది. నెలకి 300 యూనిట్లు దాటకూడదని, నాలుగు చక్రాల బండి ఉండకూడదని, టౌనులో వెయ్యి చదరపు అడుగులకి మించిన ఆస్తి ఉండకూడదని, 75 శాతం హాజరు ఉండాలని, తల్లి ఖాతాకి ఆధార్ లింకు ఉండాలని, ఇవన్నీ ముందే తెలిసిన రూల్సే కదా. మార్చిలోనో ఏప్రిల్లోనో "మీ ఇంటి పేరు మీద ఎన్ని మీటర్లు కనిపిస్తున్నాయో వచ్చి చూసుకోండి" అని ఒక్క ముక్క వీధిలో చెప్పి ఉంటే ఆ ముసలమ్మ ఎండలో అన్నిసార్లు తిరిగేదా? డబ్బులు పడే రోజు గురించి రాష్ట్రమంతా మోగిపోయింది. దానికి మూడు నెలల ముందు చూసుకోవాల్సిన వాటి గురించి మా వీధిలో ఎవరూ నోరు మెదపలేదు.

ఇదేదో నేను దయతలచి అడుగుతున్న కోరిక కూడా కాదు, చట్టంలోనే ఉంది. సమాచార హక్కు చట్టం అనగానే మనకి అర్జీ పెట్టి పది రూపాయలు కట్టి అడగడమే గుర్తొస్తుంది. 2005 నాటి ఆ చట్టంలో నాలుగో సెక్షన్ అందుకు వేరే. ఎవరూ అడక్కముందే ప్రభుత్వ సంస్థలు తమంతట తామే చెప్పాల్సినవి అందులో ఉన్నాయి. రాయితీ పథకాలు ఎలా అమలవుతున్నాయి, ఎంత కేటాయించారు, ఎవరికి అందుతున్నాయి, ఇవన్నీ. అది కూడా స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిలో చెప్పాలని రాసి ఉంది. నోటీసు బోర్డులు, పేపర్లు, బహిరంగ ప్రకటనలు అని పేర్లతో సహా. ఇంకొకటి, ఒక నిర్ణయం వల్ల ఎవరికి నష్టం జరిగిందో వాళ్లకి దాని కారణం చెప్పాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. మామ్మకి "కరెంటు ఎక్కువ" అని నోటితో అనేసి పంపడం కారణం చెప్పినట్టవుతుందా? ఏ మీటరు, ఏ అడ్రసు, ఎవరి ఆధార్, ఏ ఆఫీసులో సరిచేయించుకోవాలి, ఎప్పటిలోగా? ఈ అయిదు ముక్కలు అరకాగితం మీద రాసిస్తే ఆమె మొదటిరోజే సరైన ఆఫీసుకి వెళ్లేది.

అలాగే విద్యాహక్కు చట్టం, 2009. దాంట్లో తొమ్మిదో సెక్షన్ మొత్తం స్థానిక సంస్థల విధుల గురించే. తమ పరిధిలో పద్నాలుగేళ్లలోపు పిల్లల లెక్క ఉంచాలి, వలస కుటుంబాల పిల్లలు బడిలో చేరేలా చూడాలి అని అందులో స్పష్టంగా ఉంది. అంటే మున్సిపాలిటీ అన్నది కాలువలు తీయడానికీ వీధిదీపాలు వేయడానికీ ఇంటిపన్ను వసూలు చేయడానికీ మాత్రమే ఉన్నది కాదు. మా పిల్లలు కూడా దాని పనిలోకే వస్తారు. ఈ మాట మా పేటలో నేను ఎవరితో అన్నా కొత్తగా వింటున్నట్టు చూస్తారు.

శ్రీకాకుళం వాళ్లకి ఇందులో ఇంకో కష్టం ఉంది. మాకు 2010లో పాత పాలకవర్గం గడువు తీరిపోయింది, 2015లో ఊరు కార్పొరేషన్ అయింది, ఆ తర్వాత పదేళ్లు గడిచినా ఓటేసి ఎన్నుకున్న కార్పొరేటర్లు లేరు. పక్కన విజయనగరంలో 2021 మార్చిలో ఎన్నికలు జరిగి 50 డివిజన్లకి మనుషులొచ్చారు. ఆ కార్పొరేటర్లు గొప్పగా చేశారా లేదా అన్నది విజయనగరం వాళ్లు చెప్పాలి. కానీ కనీసం ఇంటికెళ్లి తలుపు కొట్టి "ఏమయ్యా, మా బడి సంగతేంటి" అని అడగడానికి ఆ ఎన్నికలతో వాళ్లకొక మనిషి దొరికాడు. మా పిల్లలు పుట్టి, బడిలో చేరి, హైస్కూలుకొచ్చేశారు, ఇంతకాలంలో వాళ్ల వార్డుకి ఒక ప్రతినిధి ఉండటం వాళ్లు చూడనేలేదు. నాకిది చాలా బాధగా ఉంటుంది.

కొందరంటారు, అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా, మన మిత్ర ఉంది కదా అని. 2025 జనవరి 30న మొదలైన ఆ వాట్సాప్ సేవని నేను తిట్టను, షాపులో రోజూ వాడతాను, సర్టిఫికెట్ల కోసం గంటలకొద్దీ క్యూలో నిలబడే బాధ చాలామందికి తప్పింది. కానీ అది అడిగినవాళ్లకే జవాబు చెప్తుంది. ఎన్‌ఎంఎంఎస్ అనే పేరే తెలియని పిల్లాడు దాన్ని ఏమని అడుగుతాడు?

ఇంకొందరు టీచర్ల మీద పడతారు. నేను పడను. మా బడి టీచర్లు పొద్దున్నే హాజరు ఫొటో, మధ్యాహ్నం భోజనం లెక్క, మరుగుదొడ్డి ఫొటో, ఇలా యాప్‌ల చుట్టూ తిరుగుతూ మిగిలిన టైములో పాఠం చెప్తున్నారు. వాళ్ల నెత్తిన ఇంకో మూట పెట్టడం అన్యాయం. ఈ పని చేయాల్సిన మనిషి ఇప్పటికే ఉన్నాడు. 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు ప్రతి వార్డుకీ ఒక విద్యా కార్యదర్శిని, ఊళ్లలో సంక్షేమ, విద్యా సహాయకుణ్ణి వేశారు. పోస్టు పేరులోనే విద్య ఉంది. వాళ్ల చేత సర్వేల మీద సర్వేలు చేయిస్తున్నారు. నెలకి రెండు పూటలు ఈ పనికి వదిలిపెడితే చాలు.

వాలంటీర్లు ఉన్నప్పుడు యాభై ఇళ్లకి ఒకరు చొప్పున తిరిగేవాళ్లు, ఆ వ్యవస్థ మంచిచెడ్డల గురించి వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఆ తగువులోకి వెళ్లను. 2024 జులై నుంచి పింఛన్లు సచివాలయం సిబ్బందే ఒకటో తారీఖున ఇళ్లకి తెచ్చి ఇస్తున్నారు, ఇది మాత్రం అందరం చూస్తున్నాం. పింఛను అందుకునే అవ్వల ఇళ్లలోనే కదా వలసపోయినవాళ్ల పిల్లలు పెరుగుతున్నది! అదే చేత్తో ఒక అరకాగితం ఇవ్వండి. ఈ నెలలో బడి పిల్లలకి ఏమున్నాయి, ఎవరికి, ఆఖరి రోజు ఎప్పుడు, ఏ కాగితాలు కావాలి. చదవలేనివాళ్లకి చదివి వినిపించండి. రెండు నిమిషాలు పడుతుంది. కాగితం ఖర్చెంతో నాకు బాగా తెలుసు, ఒక ఎ4 కాగితం మీద రెండు వస్తాయి.

"జనం ఎలాగూ రారమ్మా, మీటింగు పెడితే ఎవడొస్తాడు" అని కూడా విన్నాను. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా తల్లిదండ్రుల మెగా మీటింగు పెట్టినప్పుడు మా బడిలో కుర్చీలు చాలలేదు. చేపలమ్మే ఆవిడ ఆ పూట బుట్ట దించేసి, తల నున్నగా దువ్వుకుని, పెట్టెలో చీర తీసి కట్టుకుని వచ్చింది. ముగ్గులు, ఆటలు, పిల్లలతో కలిసి భోజనం, అన్నీ బాగున్నాయి. ఎందుకొచ్చారు అంతమంది? పది రోజుల ముందు నుంచి చెప్పారు, పిల్లల చేత కార్డులు రాయించి పంపారు. అయితే ఆ రోజు పథకాల గురించి చెప్పింది మైకులో అయిదు నిమిషాలు, పిల్లల గోలలో ఎవరికీ వినపడలేదు. మర్నాడు మా షాపులో, "నిన్న ఏదో సెప్పినారు కదా, ఏటది?" అని అడిగినవాళ్లని నేను లెక్కపెట్టలేదు. అంత శ్రమపడి అంతమందిని రప్పించాక ఒక మూల బల్ల వేసి ఒక మనిషిని కూర్చోబెడితే ఎంత బాగుండేది!

నేను ఆ ఏడు ఆగస్టు నుంచే బడి యాజమాన్య కమిటీలో ఉన్నాను. చట్టప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. సంతకాలు పెట్టడం తప్ప పెద్దగా ఏం చేస్తున్నాం అనుకునేవాళ్లం. మా వాడి పరీక్ష పోయాక, మామ్మ సంగతి చూశాక, మేం ముగ్గురం తల్లులం కలిసి ఒక పని మొదలుపెట్టాం. మా వీధి మలుపులో టిఫిన్ కొట్టు ఉంది, పొద్దున ఆరు నుంచి అందరూ అక్కడ ఆగుతారు. కొట్టాయన్ని అడిగి పక్క గోడ మీద నాలుగడుగుల పొడుగున నల్లరంగు వేయించాం. ప్రతి శనివారం సాయంత్రం సుద్దతో రాస్తాం. మొదటివారం ఏం రాశామంటే:

"8వ తరగతి పిల్లల అమ్మానాన్నలకి. ఒక పరీక్ష ఉంది. నెగ్గితే ఏడాదికి 12,000, నాలుగేళ్లు. సర్కారు బడి పిల్లలకే. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. సోమవారం బడికెళ్లి సారుని అడగండి."

రాసింది మా పెద్దాడే. వాడి దస్తూరీ బాగుంటుంది. ఏం మాట్లాడకుండా రాశాడు, అయిపోయాక చేతికున్న సుద్ద లాగుకి తుడుచుకుని, "నాలుగేళ్లు అన్నదాని కింద గీత పెట్టనా అమ్మా" అని అడిగాడు. పెట్టమన్నాను.

రాస్తూ రాస్తూ మేం కొన్ని నేర్చుకున్నాం. పథకం పేరు ముందు రాస్తే ఎవరూ ఆగరు, "ఎనిమిదో తరగతి పిల్లలున్నవాళ్లు" అని రాస్తే ఆగుతారు. "అర్హులైన లబ్ధిదారులు" అని రాస్తే అది తమ గురించి అనుకోరు. ఒక వారంలో ఒక్క సంగతే రాయాలి, రెండు రాస్తే రెండూ పోతాయి. వాన పడితే మళ్లీ రాయాలి. ఇడ్లీలు కట్టించుకునేలోపు చదివేసేలా ఉండాలి, చదవలేనివాళ్లకి కొట్టాయన చదివి చెప్తాడు, ఆయనకి ఇప్పుడు మాకంటే ఎక్కువ తెలుసు.

ఒకసారి మేం తప్పు కూడా చేశాం. పేపర్లో చూసి ఒక ఆఖరి తేదీ రాశాం, అది వేరే జిల్లా వార్తట, ఒక తల్లి ఆ తేదీని నమ్ముకుని రెండు రోజులు ఆలస్యంగా వెళ్లింది. అదృష్టం బాగుండి గడువు పొడిగించారు. ఆ రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. అందుకే మళ్లీ అంటున్నాను, ఇది ముగ్గురు తల్లులు సుద్దముక్కతో చేయాల్సిన పని కాదు. మా దగ్గర సరైన తేదీలు ఉండవు, పేపర్లోనో ఎవరి నోటో విన్నది రాస్తాం. ఆ తేదీలు ఎవరి దగ్గర ముందుగా ఉంటాయో వాళ్లే రాయాలి, పొరపాటు జరిగితే జవాబు చెప్పాల్సినవాళ్లే రాయాలి. ఆ బోర్డు మీదే బడికొచ్చిన డబ్బు సంగతి కూడా ఉండాలి. పిల్లాడికి 2 వేల చొప్పున బడి నిర్వహణ కోసం మినహాయిస్తున్నారు కదా, మా పిల్లల పేరు మీద పోయిన ఆ డబ్బుతో ఏ కుళాయి బాగైంది, ఏ తలుపు వేయించారు అని తెలుసుకోవాలని ఏ తల్లికి ఉండదు?

పోయిన నెలలో ఒక సోమవారం మేం ముగ్గురం కలెక్టరుగారి ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లి అర్జీ ఇచ్చాం. ఒకే పేజీ. వార్డుకి ఒక గోడ, నెలకి ఒక అరకాగితం, అనర్హులన్నప్పుడు కారణం రాతపూర్వకంగా, ఇంతే అడిగాం. రసీదు ఇచ్చారు, పరిశీలిస్తామన్నారు, అక్కడున్న అధికారి ఓపిగ్గానే విన్నారు. రెండు వారాలకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కారమైంది అని. ఏం పరిష్కారమైందో అందులో లేదు. మళ్లీ తెరిపించడానికి వచ్చే సోమవారం వెళ్తున్నాం. ఈసారి టిఫిన్ కొట్టాయన కూడా వస్తానన్నాడు, మామ్మ కూడా వస్తానంది, తన రబ్బరు బ్యాండు కవరుతో సహా.